పిట్ట ముట్టని విస్తరి

మా నాన్న చనిపోయిన మూడో రోజు పొద్దున, దేవరకొండ పక్కనున్న మా ఊళ్ళో చెరువు కింది మడి గట్టు మీద, మోదుగాకు విస్తరిలో ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి, పక్కన ఒక బీడీకట్టా గ్లాసులో చాయ్ పెట్టి, ఇంటివాళ్ళంతా పది అడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు. మా వైపు దీన్ని పిట్టకు పెట్టడం అంటాం. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిపడ్డాడని, ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిపోయిందని లెక్క. ఆ రోజు తుమ్మచెట్టు మీద రెండు కాకులు చాలాసేపు కూచున్నాయి గాని కిందికి దిగలేదు. మేనత్త ఒక మాట చెప్పింది, చిన్నాయన ఒక మాట చెప్పాడు, తమ్ముడు తడిబట్టలతోనే మోకాళ్ళ మీద కూచుని, "అమ్మను నేను చూసుకుంట నాయనా" అని మొక్కాడు. పెద్దకొడుకుగా ఆ విస్తరి పెట్టవలసినవాడిని నేను. ఇలాంటి తంతుల మీద నాకు నమ్మకం లేదని ముందురోజే చెప్పేసి, దూరంగా వేపచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎండ ముదిరినాక అమ్మ నా దగ్గరికి వచ్చి, "పెద్దోడా, నువ్వొక్క మాట చెప్పు కొడుకా, నీ మాట కోసమే ఆగిండేమో" అన్నది. "ఇదంతా పైపై పని అమ్మా, నాయన నా మనసులనే ఉన్నడు" అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

పిట్ట ఎప్పుడు ముట్టిందో, అసలు ముట్టిందో లేదో ఇక్కడ నాకు ముఖ్యం కాదు. నేనన్న ఆ మాట గురించే రాయాలనుకుంటున్నాను. లోపల ఉంటే చాలు, బయట చేయనక్కర లేదనే ఆ మాటను నేను ఎంతో నమ్మి అన్నాను. ఆ తరువాత మూడేళ్ళకు, ఆ మాటకు ఏమాత్రం సంబంధం లేదనిపించే దారిలో, యూదుల ఆంతరంగిక జ్ఞానమైన కబ్బాలా గురించి చదువుతూ, నా మాటలోని తప్పు ఎక్కడుందో మొదటిసారి చూడగలిగాను.

లోపలి దారి మీద నా మొగ్గు కొత్తది కాదు. మా పెదతాత విగ్రహపూజను ఒప్పుకోని అచల బోధ తీసుకున్న మనిషి. అమావాస్య రాత్రులు మా అరుగు మీద తాళాలతో తత్త్వాలు పాడేవాళ్ళు. రాతికి మొక్కేవాడికీ రాతికీ తేడా ఏమిటని అడిగే ఆ పాటలు వింటూ నిద్రపోయిన పిల్లవాడిని నేను. అదే ఇంట్లో మా అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉండేది, గడపకు పసుపు రాసేది, చెర్వుగట్టు జాతరకు ఏడాదికొకసారి తప్పకుండా పోయేది. నేను పెదతాత వైపు నిలబడ్డాననుకున్నాను. చాలా ఏళ్ళ తరువాత నాతో పాటు నల్లగొండలో పాఠాలు చెప్పిన ఒక క్రైస్తవ మిత్రుడు తన తెలుగు బైబిలులో యెషయా గ్రంథం మొదటి అధ్యాయం చూపించాడు. మీ బలులు నాకెందుకు, మీ పండుగలు నాకు భారమయ్యాయి, మీ చేతులు రక్తంతో నిండి ఉన్నాయి, ముందు కీడు చేయడం మానండి, తండ్రి లేనివాడికి న్యాయం చేయండి అని దేవుడే ప్రవక్త నోట అనిపిస్తాడు అక్కడ. నా పక్షాన మరో సాక్షి దొరికాడని సంతోషించి, ఆ వెతుకులాటలోనే కబ్బాలా దాకా వచ్చాను.

యూద ధర్మంలో ఆచరణ ఎంత వివరంగా ఉంటుందో తెలియకపోతే ఈ విషయం బరువు అర్థం కాదు. వాళ్ళ లెక్క ప్రకారం ఆజ్ఞలు 613. చేయవలసినవి 248, చేయకూడనివి 365. ఏం తినాలి, ఎప్పుడు దీపం వెలిగించాలి, విశ్రాంతి దినాన ఏ పని ముట్టకూడదు అన్నవన్నీ అందులోకి వస్తాయి. లోపలి వెలితిని గుర్తించిన పెద్దలు వాళ్ళలో మొదటినుంచీ ఉన్నారు. 11వ శతాబ్దంలో స్పెయిన్‌లో బహ్యా ఇబ్న్ పకూదా అనే పండితుడు, అవయవాలతో చేసే విధుల గురించి అందరూ రాస్తున్నారు గాని హృదయం చేయవలసిన విధుల గురించి ఎవరూ రాయడం లేదని బాధపడి, దానికోసమే అరబీలో ఒక గ్రంథం రాశాడు. భావం లేని ప్రార్థన ప్రాణం లేని దేహం వంటిదన్న మాట యూదులలో నానుడిగా నిలిచిపోయింది. ఆ భావానికి, అంటే పని వెనకనుండే ఉద్దేశానికి, హీబ్రూలో కవ్వనా అని పేరు.

13వ శతాబ్దం చివర స్పెయిన్‌లో వెలుగులోకి వచ్చిన జోహార్ గ్రంథంతో కబ్బాలా ఒక నిండు రూపం దాల్చింది. 1492లో యూదులను స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టాక, ఆ చెదిరిన జనంలో కొందరు నేటి ఇజ్రాయెల్ ఉత్తరాన గలిలయ కొండల మీది సఫేద్ అనే చిన్న ఊరు చేరారు. ఆచారం మీద నేను తెరచిన నోరు మూతపడింది ఈ ఊరి దగ్గరే. యూదుల ఆచార నియమాలన్నిటినీ ఒక్కచోట కూర్చి, నేటికీ ప్రమాణంగా నిలిచిన షుల్హాన్ అరూఖ్ అనే ధర్మశాస్త్రాన్ని రాసిన యోసెఫ్ కారో ఈ ఊళ్ళోనే ఉన్నాడు. ఆ పుస్తకం 1565లో వెనిస్‌లో అచ్చయింది. దాని పేరుకు సిద్ధంగా అమర్చిన భోజనపు బల్ల అని అర్థం, మన మాటల్లో చెప్పాలంటే వడ్డించిన విస్తరి. ఈ కారోనే రాత్రివేళల్లో తనకు వినిపించే ఒక అదృశ్య స్వరాన్ని దినచర్యలా రాసుకున్న మార్మికుడు కూడా. అదే ఊళ్ళో 1570లో ఇస్హాక్ లూరియా అడుగుపెట్టాడు. రెండేళ్ళు బోధించి 1572లో 38 ఏళ్ళకే కన్నుమూశాడు. ఆయన చెప్పినదాన్ని శిష్యుడు హయ్యిమ్ వితాల్ రాసిపెట్టాడు. ఆచారానికీ అంతరంగానికీ మధ్య పెద్ద గోడ ఉంటుందనుకున్న నాకు, అత్యంత కట్టుదిట్టమైన నియమావళీ అత్యంత లోతైన అంతర్దృష్టీ ఒకే ఊరి వీధుల్లో, ఒకే తరంలో, కొంతవరకు ఒకే మనిషిలో ఉండటం మింగుడుపడలేదు.

లూరియా చెప్పిన సృష్టి కథ ఇది. అనంతమైన వెలుగు తనను తాను ముడుచుకుని చోటిచ్చింది. ఆ చోటులోకి వెలుగును పట్టే పాత్రలు వచ్చాయి. కింది పాత్రలు ఆ వెలుగును తట్టుకోలేక పగిలాయి. వెలుగు రవ్వలు ముక్కలతో పాటు కిందికి రాలి పొట్టులో చిక్కుకున్నాయి. ఆ రవ్వలను ఏరి పైకెత్తడమే, పగిలినదాన్ని సరిచేయడమే మనిషి పని. ఆ సరిచేయడానికే తిక్కూన్ అని పేరు. పొట్టు అనే మాటను నేను అలంకారానికి వాడలేదు. కెలిపా అనే హీబ్రూ మాటకు పొట్టు, తొక్క, పెంకు అనే అర్థం. వరి పండించిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. పొలంలో ఉన్నంతకాలం గింజను కాపాడేది పొట్టే. దాన్ని అన్నంలో కలుపుకుని తింటే మాత్రం గొంతు పట్టుకుంటుంది. లూరియా దృష్టిలో చేతితో చేసే ప్రతి చిన్న పనీ, తినే ముందు చెప్పే దీవెన మొదలుకొని, ఒక రవ్వను విడిపించగలదు. అయితే దాని వెనక ఉద్దేశం ఉండాలి. అంటే ఆయన బయటి పనిని కొట్టిపారేయలేదు, దాని మీద మునుపెన్నడూ లేనంత భారం మోపాడు.

ఈ కథలో వెలుగును పట్టే పాత్ర అంటే ఏమిటో తేటగా చెప్పినవాడు యెహూదా అష్లాగ్ అనే కబ్బాలా గురువు. పోలండ్‌లో పుట్టి, 1920ల మొదట్లో జెరూసలేం చేరి, 1954లో చనిపోయాడు. జోహార్‌కు ఆయన రాసిన వ్యాఖ్యానం పేరు సులామ్, నిచ్చెన అని అర్థం. పాత్ర అంటే కోరిక, పుచ్చుకోవాలనే కోరిక, అంటాడు అష్లాగ్. కబ్బాలా అనే మాటకే పుచ్చుకోవడమని అర్థం. సృష్టించినవాడి స్వభావం ఇవ్వడం, సృష్టి స్వభావం పుచ్చుకోవడం. ఆధ్యాత్మిక లోకంలో దగ్గరా దూరం అనేవి స్వభావాలు కలవడాన్ని బట్టే ఉంటాయి గనుక, తనకోసమే పుచ్చుకునే మనిషి దేవుడికి దూరంగా పడిపోతాడు. మరి ఆ కోరికను చంపేయాలా? ఇక్కడే నేను చాలాకాలం పొరబడ్డాను. మా మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళను గుడ్డతో ఎంత వడకట్టినా తేటగా కనిపిస్తాయే గాని ఎముకల్ని వంచే గుణం పోదని మనకు తెలుసు. బయటి ఆచారం గుడ్డతో వడకట్టడం లాంటిది, లోపలి సంస్కారం ఆ కరిగిన విషాన్ని తీసేయడం లాంటిది అని ఒకప్పుడు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పోలిక సగం వరకే నిలుస్తుంది. కబ్బాలాలో తీసేయవలసినదేమీ లేదు. కోరిక అలాగే ఉంటుంది. అది ఎవరికోసం అన్నదే మారాలి.

దానికి ఆయన చెప్పే ఉదాహరణ మన ఇళ్ళల్లో రోజూ జరిగేదే. ఒకడు ఆకలితో మిత్రుడి ఇంటికి వెళతాడు. మిత్రుడు వడ్డిస్తాడు. ఊరికే తినడానికి సిగ్గుపడి వచ్చినవాడు వద్దంటాడు. ఇంటాయన బతిమాలతాడు, తింటేనే నాకు సంతోషమంటాడు. చివరికి, తినకపోతే ఈయన మనసు నొచ్చుకుంటుందని తెలిసి, ఆయన సంతోషం కోసమే అతిథి చేయి కడుక్కుని కూచుంటాడు. అదే పళ్ళెం, అదే కూర, అదే ఆకలి. వద్దన్న క్షణానికీ కూచున్న క్షణానికీ మధ్య పుచ్చుకోవడం ఇవ్వడంగా మారింది. బతిమాలడం, వద్దనడం, మళ్ళీ బతిమాలడం అనే ఈ మర్యాద మన ఇళ్ళల్లో ఎందుకుందో నాకు ఈ ఉదాహరణతోనే అర్థమైంది. ఇందులో ఆకలి తగ్గించుకొమ్మని అతిథికి ఎవరూ చెప్పలేదు. ఆకలే లేకపోతే అతడు ఆ ఇంటాయనకు ఇవ్వగలిగిందేమీ ఉండదు.

అష్లాగ్ రాసిన జోహార్ పీఠికలో నన్ను చాలా రోజులు వదలని ఒక వాక్యం ఉంది. జలగకు ఇమ్ము ఇమ్ము అని అరిచే ఇద్దరు కూతుళ్ళున్నారని బైబిలు సామెతల గ్రంథంలో వస్తుంది. జోహార్ ఆ ఇద్దరినీ విడదీసి చెబుతుంది: ఒకతె ఈ లోకపు సంపద ఇమ్మంటుంది, రెండో ఆమె పరలోకపు సంపద ఇమ్మంటుంది. ఇద్దరూ ఒకే జలగ బిడ్డలు. నాట్లప్పుడు నాన్న పిక్కకు పట్టిన జలగను ఉప్పేసి వదిలించుకోవడం చూసినవాడిని. అది నెత్తురు తాగుతున్నంతసేపు మనిషికి నొప్పి తెలియదు. డబ్బుకు, పేరుకు ఆశపడటం నాలో తక్కువేనని నేను గర్వపడేవాడిని. రెండో కూతురు సంగతి నాకు తట్టలేదు. నాకు జ్ఞానం కావాలి, నేను శుద్ధుడిని కావాలి, పదిమంది మధ్య నేను మాత్రం మూఢాచారానికి లొంగనివాడిగా ఉండాలి అనే కోరిక కూడా పుచ్చుకోవడమే, అదీ మొదటిదానికంటే గట్టిగా పట్టుకునేది. వేపచెట్టు కింద చేతులు కట్టుకున్నప్పుడు నేను కాపాడుకున్నది నాన్న జ్ఞాపకాన్ని కాదు. ఆ విస్తరికి దూరంగా నిలబడితే కనిపించే నా రూపాన్ని కాపాడుకున్నాను.

ఈ సంగతి ఎవరికి చెప్పినా, ఇది వేమన చెప్పిందే కదా, చిత్తశుద్ధి లేని శివపూజ ఎందుకన్నాడు కదా అంటారు. నేనూ మొదట అలాగే సరిపెట్టుకున్నాను. దగ్గర పోలిక ఉంది గాని రెండూ ఒకటి కావు. శుద్ధి లేనప్పుడు పూజ ఎందుకని వేమన నిలదీశాడు. యూదుల ప్రాచీన ధర్మగ్రంథమైన తాల్మూదు పండితులు అదే ప్రశ్నకు వేరే జవాబిచ్చారు. ఆజ్ఞను ఆజ్ఞ కోసమే చేయడాన్ని వాళ్ళు లిష్మా అంటారు, వేరే ప్రయోజనం ఆశించి చేయడాన్ని లో లిష్మా అంటారు. లో లిష్మాగానైనా సరే ఆజ్ఞలను పాటిస్తూ ఉండమని, అందులోనుంచే లిష్మా వస్తుందని వాళ్ళ మాట. అష్లాగ్ దీనికి ఒక మెలిక పెడతాడు: ఆ గమ్యం కావాలని మనిషి లోపల తపించకపోతే, ఎన్నేళ్ళు చేసినా అది తనంతట తాను రాదు. శుద్ధి వచ్చేదాకా ఆగితే పని మొదలుకాదు, శుద్ధి ఊసే లేకపోతే పని ముందుకు సాగదు. నాకు ఈ జవాబు వేమన ప్రశ్న కంటే కష్టమైనదిగా తోచింది. పూజ మానేసినవాడికి వేమన పద్యం తోడుంటుంది. ఈ మాట మాత్రం చేసేవాడినీ మానేసినవాడినీ ఇద్దరినీ కుదురుగా ఉండనివ్వదు.

బయటిదాన్ని తెంచేసుకుంటే ఏమవుతుందో కబ్బాలా చరిత్రే చూపించింది. నేటి టర్కీలోని ఇజ్మీర్‌లో 1626లో పుట్టిన షబ్బెతాయ్ జ్వీ, యూదులు ఎదురుచూసే రక్షకుడైన మెస్సయ్యను తానేనని 1665లో ప్రకటించుకున్నాడు. తిక్కూన్ పూర్తయింది, ఇక పాత నియమాలతో పనిలేదన్నట్టు ఉపవాస దినాలను పండుగలుగా మార్చాడు, నిషిద్ధాలను అనుమతించే దేవుడికి స్తోత్రమని దీవెననే తిరగరాశాడు. యూరప్ నుంచి యెమెన్ దాకా జనం నమ్మారు. 1666లో ఒట్టోమన్ సుల్తాను ఎదుట షబ్బెతాయ్ ఇస్లాంలోకి మారాడు. ఆ దెబ్బకు కబ్బాలా చదువు మీదనే యూద సమాజం చాలాకాలం అనుమానం పెంచుకున్నది. లోపలి వెలుగు పేరు చెప్పి పాత్రనే పగలగొట్టినవాడి కథ అది.

రెండో వైపు ప్రమాదం అంత పెద్దగా కనిపించదు గాని నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆజ్ఞను పాటించే ముందు ఉద్దేశాన్ని నిలుపుకోవడం కోసం, సఫేద్ సంప్రదాయం నుంచి లెషేమ్ యిహూద్ అనే ఒక చిన్న సంకల్ప వాక్యం వ్యాపించింది. కాలం గడిచినకొద్దీ ఆ సంకల్పాన్నే జనం గబగబా వల్లించి ముగించే స్థితి వచ్చింది. 18వ శతాబ్దంలో ప్రాగ్ నగరపు రబ్బీ, అంటే యూద మతగురువు, యెహెజ్కేల్ లాండౌ ఆ వాక్యం పలకడాన్నే గట్టిగా వ్యతిరేకించాడు. ఆచారానికి ప్రాణం పోయడానికి పుట్టిన మాట తానే మరో ఆచారంగా గడ్డకట్టవచ్చు. "మనసులనే ఉన్నడు" అని అమ్మతో నేనన్నదీ అలా గడ్డకట్టిన మాటే. అప్పటికి పదేళ్ళుగా ప్రతి పెళ్ళిలో, ప్రతి చావులో నేను అదే వల్లిస్తూ వస్తున్నాను.

మరి లోపల మారిందో లేదో ఎలా తెలుస్తుంది? లూరియా అలవాటు ఒకటి ఇక్కడ పనికొచ్చింది. ప్రొద్దుటి ప్రార్థన మొదలుపెట్టే ముందు, నిన్నువలె నీ పొరుగువాడిని ప్రేమించు అనే ఆజ్ఞను తన మీదికి తీసుకుంటున్నానని ప్రతివాడూ చెప్పుకోవాలని ఆయన నియమం పెట్టాడు. దేవుడికి ఇస్తున్నానో నాకే ఇచ్చుకుంటున్నానో మనిషి తనను తాను ఎంతైనా మోసం చేసుకోవచ్చు. పక్కనున్న మనిషి విషయంలో ఆ మోసం అంత తేలికగా సాగదు. అష్లాగ్ 1933లో రాసిన వ్యాసమొకటి మొత్తం ఈ ఆజ్ఞ చుట్టూనే తిరుగుతుంది. యూదుల ప్రాచీన లేఖన వ్యాఖ్యానమైన మిద్రాష్‌లో ఒక ప్రశ్న ఉంది: పశువును గొంతు దగ్గర కోసినా మెడ వెనకనుంచి కోసినా దేవుడికి ఒరిగేదేమిటి? జాన్‌పహాడ్ దర్గా దగ్గర కందూరు చేసేటప్పుడు, గట్టు మీద యాటను కోసేటప్పుడు మన పిల్లలూ అడిగే ప్రశ్నే ఇది. మిద్రాష్ ఇచ్చే జవాబు, ఆజ్ఞలు మనుషులను శుద్ధి చేయడానికే ఇచ్చారని. అక్కడి హీబ్రూ క్రియ లోహాన్ని కరిగించి మలినం తీసే పనికి వాడేది. మా అవుసలాయన మూసలో బంగారాన్ని పుటం పెట్టే పని అది. పుటానికి మూసా కావాలి, నిప్పూ కావాలి. వట్టి మూసను చేత పట్టుకుని తిరిగితే బంగారం కరగదు, మూస లేకుండా నిప్పులో వేస్తే బూడిదలో కలిసిపోతుంది.

ఇంత చదివాక మా అమ్మ ఒక్కపొద్దులను తిరిగి తలచుకున్నాను. ఆమెది లిష్మానా కాదా అని తేల్చడానికి నేనెవరిని. అయితే ఒక్కపొద్దు నాడు వండిన మొదటి పళ్ళెం పక్కింటి ముసలామెకు పోయేదని, ఆమెకు కళ్ళు కనిపించవని, అమ్మ ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదని నాకు గుర్తుంది. చిన్నప్పుడు ఆ పళ్ళెం పట్టుకుపోయింది నేనే. పిట్టకు పెట్టిన విస్తరి సంగతీ అంతే. తిరిగి ఇవ్వలేని మనిషికి, మనం తినబోని అన్నం, ఆయనకేది ఇష్టమో ఒక్కొక్కటీ గుర్తుచేసుకుని వడ్డించడం కంటే, పుచ్చుకోవడం నుంచి ఇవ్వడంలోకి మారే సాధన వేరే ఏముంటుందో నాకు తోచడం లేదు. కాకి గురించిన నమ్మకాన్ని ఇప్పటికీ నేను పంచుకోలేను. ఆ నమ్మకం లేకపోయినా ఆ రోజు గట్టు మీదికి నడవగలిగేవాడిని. తమ్ముడు పక్కన మోకాళ్ళ మీద కూచోగలిగేవాడిని.

పోయిన పెత్రమాసకు ఊరికి వెళ్ళాను. పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు అది. సాయంత్రం వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ చాటలో బియ్యం, పప్పు, చింతపండు, ఒక గుమ్మడికాయ సర్ది, ఎవరి చేతికివ్వాలో తెలియనట్టు నా వైపు, తమ్ముడి వైపు చూసింది. నేను చేతులు చాచాను. చాట పట్టుకున్నంతసేపూ మనసు ఎక్కడెక్కడో తిరిగింది; ఆడవాళ్ళు నన్ను చూస్తున్నారని, ఇన్నాళ్ళకు దిగివచ్చాడని అనుకుంటున్నారని ఒక ఆలోచన వచ్చింది, అది జలగ రెండో కూతురని గుర్తుపట్టాను, అయినా అది పోలేదు. అయ్యగారు మూడు తరాల పేర్లు చెప్పమన్నాడు. నాన్న పేరు చెప్పాను, తాత పేరు చెప్పాను. ముత్తాత పేరు నాకు రాలేదు. పక్కన నిలబడ్డ తమ్ముడు నా చెవి దగ్గరికి వంగి ఆ పేరు అందించాడు.